దువ్వూరి రామిరెడ్డి

దువ్వూరి రామిరెడ్డి (నవంబర్ 9, 1895 - సెప్టెంబర్ 11, 1947) ఇరవయ్యవ శతాబ్ది పూర్వార్ధానికి చెందిన ప్రసిద్ధ తెలుగు కవి, నాటకకర్త, అనువాదకుడు. "కవికోకిల" అన్నది ఈయన బిరుదు. నెల్లూరు జిల్లాలోని రైతు కుటుంబంలో పుట్టి, సేద్యపు జీవితాన్నే వస్తువుగా తీసుకొని కృషీవలుడు (1919) అనే ఖండకావ్యాన్ని రచించాడు. పారశీక కవి ఉమర్ ఖయ్యాము రుబాయీలను పానశాల అనే పేరుతో తెలుగు పద్యాలుగా మలచాడు. ఈ రెండు కృతులూ ఒకే కలం నుండి వచ్చాయంటే మొదటిసారి వినేవారికి ఆశ్చర్యంగా ఉంటుంది. ఒకటి నాగలి పట్టిన వాని చెమటను గురించినది, రెండవది మధుపాత్రను, ప్రియురాలిని, కరిగిపోయే కాలాన్ని గురించినది. తెలుగు పాఠకులు ఈయనను కొన్నాళ్ళు మొదటి కావ్యం పేరుతో, మరికొన్నాళ్ళు రెండవదాని పేరుతో గుర్తుంచుకున్నారు.

జీవితం

రామిరెడ్డి స్వగ్రామం నెల్లూరు జిల్లా పెమ్మారెడ్డిపాళెం. పెన్నా నది బంగాళాఖాతంలో కలిసే ఈ తీరప్రాంతం వరిసాగుకు పేరుపొందినది. నెల్లూరు మొలగొలుకుల బియ్యం ఖ్యాతి తెలుగునాట అందరికీ తెలిసినదే. సాహిత్యంలోనూ ఈ ప్రాంతానిది పాత చరిత్ర. పదమూడవ శతాబ్దిలో మనుమసిద్ధి ఆస్థానంలో ఉండి మహాభారతంలో పదిహేను పర్వాలను తెనిగించిన తిక్కన సోమయాజి నెల్లూరివాడే.

రామిరెడ్డికి కళాశాల చదువు లేదు. తెలుగు, సంస్కృతం, ఆంగ్లం, పారశీకం భాషలలో ఆయన సాధించిన ప్రవేశమంతా స్వయంకృషి ఫలితమే. ఆ రోజులలో పేరున్న కవులలో ఎక్కువమంది అయితే సంప్రదాయ పండిత కుటుంబాల నుండి, లేకుంటే ఆంగ్ల కళాశాలల నుండి వచ్చినవారు. పొలం మీద ఆధారపడిన ఇంటినుండి వచ్చి, పండితుల భాషనూ పాలకుల భాషనూ కూడా తనంత తానే నేర్చుకొన్న కవిగా రామిరెడ్డి స్థానం విలక్షణమైనది.

ఆయన తొలినాటి రచనలలో రసికజనానందము, స్వప్నాశ్లేషము, అహల్యానురాగములు వంటివి ఉన్నాయి. పేర్లను బట్టే ఇవి ప్రబంధ ఫక్కికలోని శృంగార రచనలని తెలుస్తుంది. ఈ దశ తొందరగానే ముగిసింది. 1917లో వెలువడిన నలజారమ్మ అగ్నిప్రవేశము నుండి ఆయన మార్గం మారింది. తరువాత వచ్చిన వనకుమారి కావ్యం విజయనగరం మహారాజా ఏర్పాటు చేసిన పోటీలో బహుమతి పొంది కవి పేరును నెల్లూరు జిల్లా దాటించింది. జలదాంగన, యువక స్వప్నము, కడపటి వీడ్కోలు, నక్షత్రశాల, పలితకేశము అనేవి ఈయన ఇతర కావ్యాలలో పేర్కొనదగినవి. సీతావనవాసము, కుంభరాణా, మాధవవిజయము ఈయన నాటకాలు. సాహిత్య విమర్శ వ్యాసాలు కూడా రచించాడు. రచనలన్నీ తరువాత కవికోకిల గ్రంథావళి పేరుతో సంపుటాలుగా వచ్చాయి.

1930లలో తెలుగు సినిమా మద్రాసు కేంద్రంగా స్థిరపడుతున్న కాలంలో రామిరెడ్డి కూడా ఆ రంగంలో కొంతకాలం పనిచేశాడు. సతీ తులసి (1936) చిత్రానికి రచన చేశాడు. చిత్రనళీయం (1938) చిత్రానికి దర్శకత్వం వహించాడు. అప్పటికి తెలుగులో మాటల చిత్రాలు మొదలై ఆరేడేళ్ళే అయింది. కవులను, నాటక రచయితలను నిర్మాతలు వెతికి పిలిపించుకొనేవారు. సినిమా రంగం ఆయన కీర్తికి అదనంగా చేర్చినది పెద్దగా లేదు.

కృషీవలుడు

కృషీవలుడు ప్రచురితమైన 1919 నాటికి తెలుగులో భావకవిత్వం వేళ్ళూనుకొంటున్నది. రాయప్రోలు సుబ్బారావు గోల్డ్‌స్మిత్ రచన ఆధారంగా లలితను, టెన్నిసన్ రచన ఆధారంగా అనుమతిని అప్పటికే తెలుగు చేసి, ఆంగ్ల కవిత్వంలోని ప్రణయ భావనలకు తెలుగు పద్యంలో చోటు కల్పించాడు. రామిరెడ్డి కూడా ఆంగ్ల కాల్పనిక కవులను చదివినవాడే. అయితే పల్లెటూరి జీవితాన్ని దూరం నుండి చూచి మురిసిపోవడంతో ఆయన ఆగిపోలేదు. తెల్లవారు జామున పొలానికి పోయే రైతు, అతని ఇల్లాలు, పంట, కళ్ళం, సాయంకాలపు విశ్రాంతి ఇందులో కథానాయకుని స్థాయిలో వర్ణింపబడ్డాయి. రాజులను, దేవతలను వదలి సేద్యగానిని కావ్యనాయకునిగా నిలబెట్టిన మొదటి ఆధునిక తెలుగు కావ్యాలలో ఇది ఒకటిగా పేరుపొందింది. నగర నాగరికత అంతా రైతు శ్రమ మీద నిలిచి ఉన్నదనీ, ఆ సంగతి రైతుకే తెలియడంలేదనీ కవి వేదన. ఇది వచ్చిన పన్నెండేళ్ళకు, 1931లో, అదే జిల్లాలో వెంకటగిరి జమీందారీ రైతుల ఆందోళన జరిగింది.

కృషీవలుడు అనేది సంస్కృత పదం. జనం నోట ఉన్న రైతు అనే మాట అరబ్బీలో పుట్టి పారశీకం మీదుగా తెలుగులోకి వచ్చినది. కవి కావ్యానికి సంస్కృత నామం పెట్టినా, ఆయన చుట్టూ ఉన్న వ్యవహారమంతా జిల్లా, తాలూకా, జమీను, కచేరి, దస్తావేజు వంటి మాటలతోనే సాగేది. పద్దెనిమిదవ శతాబ్దిలో నెల్లూరు ఆర్కాటు నవాబుల ఏలుబడిలో ఉండి, 1801లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. నవాబుల కచేరీ భాష పారశీకం. పాలన మారినా భూమికి, పన్నుకు సంబంధించిన మాటలు అలాగే నిలిచిపోయాయి. ఆ విధంగా ఖయ్యాము భాష నెల్లూరి రైతుకు పూర్తిగా పరాయిది కాదు. అతనికి పన్ను చీటీలలోని పారశీకం తెలుసు, పద్యంలోని పారశీకమే తెలియదు.

ఉమర్ ఖయ్యాము, ఫిట్జ్‌జెరాల్డ్

పానశాల విశిష్టత తెలియడానికి దాని పూర్వచరిత్ర కొంత తెలియాలి. ఉమర్ ఖయ్యాము (1048-1131) ఇరాన్‌లోని నిషాపూర్‌కు చెందిన గణిత, ఖగోళ శాస్త్రవేత్త. ఘన సమీకరణాలను శంకుచ్ఛేదాల సహాయంతో సాధించే పద్ధతిని వివరించినవాడు. సెల్జూక్ సుల్తాను మాలిక్ షా కాలంలో 1079లో అమలులోకి వచ్చిన జలాలీ పంచాంగాన్ని తయారుచేసిన వారిలో ఒకడు. ఆయన పేరుమీద ప్రచారంలో ఉన్న నాలుగు పాదాల పద్యాలను రుబాయీలు అంటారు. వీటిలో నిజంగా ఆయన రచించినవి ఎన్ని అనే విషయమై పండితులలో ఏకాభిప్రాయం లేదు. చేతివ్రాత ప్రతులు వెనుకటి కాలానివి కావడం, కాలం గడిచేకొద్దీ పద్యాల సంఖ్య పెరుగుతూ పోవడం ఇందుకు కారణాలు.

ఐరోపాలో ఖయ్యాముకు కీర్తి తెచ్చినవాడు ఎడ్వర్డ్ ఫిట్జ్‌జెరాల్డ్ (1809-1883) అనే ఆంగ్లేయుడు. ఆయనకు పారశీకం నేర్పిన మిత్రుడు ఎడ్వర్డ్ కోవెల్ 1856లో ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో 158 రుబాయీల వ్రాతప్రతిని గుర్తించి నకలు వ్రాసి ఇచ్చాడు. అదే సంవత్సరం కోవెల్ కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యుడుగా చేరి, అక్కడి ఏషియాటిక్ సొసైటీ గ్రంథాలయంలో దొరికిన మరొక ప్రతి నకలును కూడా మిత్రునికి పంపాడు. అనగా ఆ ఆంగ్ల కావ్యానికి ఆధారాలలో ఒకటి భారతదేశం నుండి పోయినదే.

ఫిట్జ్‌జెరాల్డ్ ఈ పద్యాలను మొదట లాటిన్ పద్యాలుగా మార్చడానికి ప్రయత్నించాడు. ఆ కాలపు ఆంగ్ల విద్యావంతునికి అది సహజమే. ఈ దినాన్ని చేజార్చుకోవద్దని ప్రియురాలికి చెప్పే ధోరణి లాటిన్ కవి హొరేస్‌లో ఉన్నది. జీవితం చిన్నది, రాత్రి మాత్రం అంతులేనిది కాబట్టి ప్రేమిద్దాం రమ్మనే పిలుపు కాటల్లస్‌లో ఉన్నది. ఆంగ్ల కవులు ఈ లాటిన్ ప్రణయ కవిత్వాన్ని అప్పటికి మూడు వందల ఏళ్ళుగా అనువదిస్తూ, అనుకరిస్తూ వస్తున్నారు. మార్లో ఓవిడ్ ప్రేమ కావ్యాన్ని అనువదించాడు. బెన్ జాన్సన్ కాటల్లస్ గీతాన్ని తన నాటకంలో పాటగా మార్చుకున్నాడు. ఆ అలవాటు ఉన్న చెవికి నిషాపూర్ కవి కొత్తవాడుగా తోచలేదు. ఫిట్జ్‌జెరాల్డ్ తన ముందుమాటలో ఖయ్యామును లాటిన్ తత్త్వకవి లుక్రీషియస్‌తో పోల్చాడు కూడా.

1859లో 75 పద్యాలతో, అనువాదకుని పేరు లేకుండా, 250 ప్రతులు అచ్చయ్యాయి. అవి అమ్ముడుపోక చివరకు పెన్నీకొకటి చొప్పున అంగడి బయటి పెట్టెలో పడ్డాయి. 1861లో వాటిని చూచి కవి రోసెట్టికి అందించినవాడు విట్లీ స్టోక్స్. న్యాయవాదిగా మద్రాసుకు వచ్చిన స్టోక్స్ 1862లో ఈ కావ్యాన్ని అనువాదకునికి చెప్పకుండా మద్రాసులో మళ్ళీ అచ్చువేయించాడు. రుబాయత్ ఆంగ్లానువాదానికి భారతదేశంలో మొదటి ముద్రణ ఇదే. నెల్లూరు జిల్లా అప్పటికి మద్రాసు రాజధానిలో భాగం. ఆ ముద్రణ కొద్ది ప్రతులకే పరిమితమైనందున, దక్షిణాదిన ఖయ్యాము ప్రచారానికి అది కారణమని మాత్రం చెప్పడానికి వీలులేదు. ఆ ప్రచారం లండన్ ముద్రణల ద్వారానే జరిగింది.

ఫిట్జ్‌జెరాల్డ్ చేసినది అనువాదమా అనే ప్రశ్న ఆనాటినుండి ఉన్నది. రెండు మూడు రుబాయీలలోని భావాలను ఒక పద్యంగా కలపడం, విడివిడి పద్యాలను ఉదయం నుండి రాత్రి వరకు సాగే ఒక కథగా అమర్చడం, నచ్చనివాటిని వదిలివేయడం ఆయన పద్ధతి. చెట్టుకొమ్మ క్రింద రొట్టె, మధువు, కవితా గ్రంథం, ప్రియురాలు అనే లోకప్రసిద్ధ చిత్రానికి మూలమైన రుబాయీలలో చెట్టు లేదు, పాడుపడిన చోటు ఉన్నది. ఒకదానిలో అయితే గొర్రె తొడమాంసం కూడా ఉన్నది. ఆంగ్ల పద్యంలో మాంసం పోయి కొమ్మ వచ్చింది. ఎడ్వర్డ్ హెరన్-ఆలెన్ 1899లో ప్రచురించిన అధ్యయనంలో ఏ ఆంగ్ల పద్యానికి ఏది మూలమో పద్యం వారీగా చూపాడు.

పానశాల

రామిరెడ్డి కాలానికి భారతీయ భాషలలో ఖయ్యాము అనువాదాలు చాలావరకు ఫిట్జ్‌జెరాల్డ్ ఆంగ్లం మీద ఆధారపడినవి. ఆంగ్లం ద్వారా తెలుగు చేయడం రామిరెడ్డికి సులభమైన పనే. కాని ఆయన పారశీకం నేర్చుకొని మూలాన్ని చదివి పానశాలను రచించాడు. పీఠికలో ఖయ్యాము జీవితాన్ని, కాలాన్ని తెలుగు పాఠకులకు పరిచయం చేశాడు. సాది గులిస్తాన్‌ను కూడా గులాబీతోట పేరుతో తెలుగులోకి తెచ్చాడు.

రుబాయీ రూపాన్ని తెలుగులోకి తేవడంలో చిక్కు ఉంది. రుబాయీలో పాదానికి పది నుండి పదమూడు అక్షరాలు మాత్రమే ఉంటాయి. మొదటి, రెండవ, నాలుగవ పాదాల చివర ప్రాస ఉంటుంది. మూడవ పాదానికి ప్రాస లేదు. ఆ మూడవ పాదం దగ్గర వినేవాని మనస్సు ఒక క్షణం ఆగుతుంది, నాలుగవ పాదం దెబ్బ కొట్టినట్లుగా వచ్చి ముగుస్తుంది. ఫిట్జ్‌జెరాల్డ్ పాదానికి పది అక్షరాల ఆంగ్ల ఛందస్సులో ఈ ప్రాసక్రమాన్ని చాలావరకు నిలుపుకోగలిగాడు. తెలుగు వృత్తాలలో ఇది సాధ్యం కాదు. ఉత్పలమాలకు పాదానికి 20, చంపకమాలకు 21, శార్దూలానికి 19, మత్తేభానికి 20 అక్షరాలు. ప్రాస పాదం చివర కాక రెండవ అక్షరంగా వస్తుంది, అదీ నాలుగు పాదాలకూ తప్పనిసరి. పైగా యతి ఒకటి. కాబట్టి మూడవ పాదపు విడుపు పోతుంది, యాభై అక్షరాలలో చెప్పిన మాటకు ఎనభై అక్షరాల చోటు ఏర్పడుతుంది.

మిగిలిన ఆ ముప్ఫై అక్షరాలను ఏం చేయాలన్నదే అనువాదకుని పరీక్ష. చేతకానివాడు ఊతపదాలతో నింపుతాడు. రామిరెడ్డి ప్రబంధ శృంగారంలో తొలినాడు చేసిన సాధన ఇక్కడ అక్కరకు వచ్చింది. మూలంలో పేరు మాత్రమే చెప్పి వదిలిన వస్తువుకు ఆయన రంగును, కదలికను, స్పర్శను చేర్చాడు. ఖయ్యాము సంక్షిప్తత కొంత పోయింది. దాని స్థానంలో నిదానమైన నడక, చదువుతుంటే చెవికి ఇంపుగా సాగే ధార వచ్చాయి. తొలి యౌవనంలోని శృంగార రచనలను కవి దాటి వచ్చాడని చెప్పుకోవడం ఆచారమే గాని, పానశాల చదివితే అవి వ్యర్థంగా పోలేదని తెలుస్తుంది.

ప్రపంచాన్ని పాత సత్రంతో పోల్చే పద్యం పానశాలలోకెల్లా ప్రసిద్ధమైనది. దీనిని మూలంతోను, ఆంగ్లంతోను పోల్చి చూస్తే రామిరెడ్డి పనితీరు స్పష్టమవుతుంది. పారశీక పద్యంలో లోకమనే పేరుగల పాత సత్రం ఉన్నది. అది పగలు రాత్రి అనే చుక్కల గుర్రానికి విశ్రాంతి స్థలం. వంద జమ్షీదులు విడిచిపోయిన విందు, వంద బహరాములు ఆనుకొన్న మేడ. ఫిట్జ్‌జెరాల్డ్ గుర్రాన్ని తీసివేసి, పగటిని రాత్రిని ఆ సత్రానికి ద్వారాలుగా చేశాడు. సుల్తానులు ఒకరి తరువాత ఒకరు వచ్చి కొంతసేపు ఉండి పోతారన్నాడు. తెలుగు పద్యంలో విశ్రాంతి స్థలమనే భావం ఉన్నది, అది మూలం నుండి నేరుగా వచ్చినది. ద్వారాలు కూడా ఉన్నాయి, అవి ఆంగ్లం నుండి వచ్చినవి. అయితే పగలు, రాత్రి కాక ఉదయ సాయంసంధ్యలు ఆ ద్వారాలై రంగులు తొడుక్కున్నాయి. ఇది రామిరెడ్డి సొంతం. జమ్షీదు, బహరాములు మూలంలో వలెనే వచ్చారు, ఆంగ్లంలోని సుల్తానుల వలె కొద్దికాలం సుఖించి వెళ్ళిపోయారు. చివరకు వారు పోతూ ఇతరులకు చోటిచ్చి పోయారనే ముగింపు ఆ రెండు పద్యాలలోనూ లేదు. తరం తరువాత తరానికి భూమి చేతులు మారడం చూచిన రైతుబిడ్డకు తోచిన ముగింపు అది అనుకోవచ్చు.

ఇందువల్ల పానశాల పారశీకం నుండి వచ్చినదనే మాట నిజమే గాని, ఫిట్జ్‌జెరాల్డ్ ప్రభావం లేనిదనడం సరికాదు. మూలం చేతిలో ఉన్నా ఆంగ్లం చెవిలో ఉన్నది. ఆంగ్ల కవి డ్రైడెన్ 1680లో ఓవిడ్ ప్రేమలేఖల అనువాదానికి వ్రాసిన ముందుమాటలో అనువాదాన్ని మూడు విధాలుగా విభజించాడు. మాటకు మాట పెట్టడం ఒకటి. భావాన్ని విడువకుండా మాటలను స్వేచ్ఛగా వాడడం రెండవది. మూలాన్ని ఆధారంగా మాత్రం తీసుకొని తన దారిన తాను పోవడం, అంటే అనుకరణ, మూడవది. ఈ లెక్కన ఫిట్జ్‌జెరాల్డ్‌ది మూడవదానికి, రామిరెడ్డిది రెండవదానికి దగ్గర. తెలుగువారికి ఈ విభజన కొత్త కాదు. వ్యాసభారతాన్ని యథాతథంగా కాక తెలుగు కావ్యంగా తిరిగి కట్టిన కవిత్రయం నాటినుండి అనువాదమంటే ఇక్కడ రెండవ, మూడవ పద్ధతులే.

సాకీ పాత్ర విషయంలో మరొక మార్పు గమనించవచ్చు. పారశీక వ్యాకరణంలో లింగభేదం లేదు. మధువు పోసే సాకీ, కవి పిలిచే ప్రియవ్యక్తి స్త్రీయా పురుషుడా అన్నది పద్యం చెప్పదు. తెలుగులో క్రియాపదమే ఆ సంగతి బయటపెడుతుంది. తెలుగు సాకీ యువతిగా, ప్రబంధ నాయికకు దూరపు చుట్టంగా కనిపిస్తుంది. ఆ పిలుపులోని సందిగ్ధత పోయి, ప్రణయం ప్రస్ఫుటమైంది.

ఖయ్యాము మధువు నిజమైన మధువా, లేక సూఫీల భగవత్ప్రేమకు సంకేతమా అనే వివాదం కూడా పాతదే. 1867లో ఫ్రెంచి అనువాదం చేసిన నికొలాస్ సూఫీ అర్థాన్ని సమర్థించగా, ఫిట్జ్‌జెరాల్డ్ అంగీకరించలేదు. తెలుగు పాఠకులు రెండు విధాలుగానూ చదివారు. మధుపానం గురించిన కావ్యాన్ని గాంధీజీ మద్యనిషేధ ఉద్యమ కాలంలోనే తెలుగువారు ఆదరించడం గమనించదగినది. (1992లో సారా వ్యతిరేక ఉద్యమం కూడా నెల్లూరు జిల్లాలోని దూబగుంటలోనే మొదలైంది. రెండింటికీ సంబంధమేమీ లేదు.)

ఇతర తెలుగు అనువాదాలు

తెలుగులో ఖయ్యామును అనువదించినవాడు రామిరెడ్డి ఒక్కడే కాడు. పిఠాపురానికి చెందిన ఉమర్ ఆలీషా (1885-1945) పారశీక పండితుడు, ఆయన కూడా తెలుగు పద్యాలలో అనువదించాడు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు 1932లో ప్రచురించిన గ్రంథం వీటన్నిటిలో విచిత్రమైనది. అందులో పారశీక మూలాన్ని, ఫిట్జ్‌జెరాల్డ్ ఆంగ్లాన్ని వేరువేరుగా తీసుకొని సంస్కృతంలోకి, అచ్చతెలుగులోకి అనువదించి పక్కపక్కనే ఉంచాడు. ఆంగ్లం మూలానికి ఎంత దూరం పోయిందో చూపడం ఆయన ఉద్దేశం. రాయప్రోలు సుబ్బారావు అనువాదం పేరు మధుకలశము. చలం వచనంలో వ్రాశాడు. హిందీలో హరివంశరాయ్ బచ్చన్ ఖయ్యాము స్ఫూర్తితో మధుశాల (1935) రచించి ఉత్తరాదిన అపారమైన జనాదరణ పొందాడు.

పాండిత్యంలో నారాయణదాసు గ్రంథానిది పైచేయి. కాని కంఠస్థం చేసి చదువుకొన్నది ఎక్కువగా రామిరెడ్డి పద్యాలనే. నారాయణదాసు అచ్చతెలుగు పదాలకు నిఘంటువు కావలసివస్తే, పానశాలలో సంస్కృత సమాసాల మధ్య పాదుషా, సాకీ వంటి పదాలు ఇబ్బంది లేకుండా ఇమిడిపోయాయి. పాదుషా అనే మాటకు తెలుగు పల్లెలో అర్థం చెప్పవలసిన పనిలేదు.

విమర్శ

రామిరెడ్డి మీద వచ్చిన విమర్శలలో ముఖ్యమైనది ఈ రెండు కావ్యాల పొత్తును గురించినదే. రైతు మేలుకోవాలని వ్రాసిన కవి, రేపటిని తలచుకోవద్దని చెప్పే కవిని తెలుగులోకి ఎందుకు తెచ్చినట్లు? అభ్యుదయ కవిత్వం బలపడిన 1940ల తరువాతి పాఠకులకు ఇది పెద్ద ప్రశ్నగా తోచింది. కృషీవలునిలో కూడా గ్రామజీవితాన్ని సుందరంగా చూపడమే ఎక్కువని, అప్పులు, కౌళ్ళు, కరువు తగినంతగా కనిపించవని కొందరు భావిస్తారు. ఈ మాటలో కొంత సత్యం ఉన్నది. అయితే 1919లో రైతును కావ్యంలోకి తేవడమే సాహసమని మరచిపోరాదు.

పలితకేశము వంటి కృతులను కూడా కలిపి చూస్తే ఆ రెంటికీ మధ్య దారి కనిపిస్తుంది. నెరసిన వెంట్రుకను చూచి వయస్సును తలచుకొనే కవికి ఖయ్యాము దగ్గరివాడు కావడంలో వింత లేదు. సేద్యం చేసేవానికి ఋతువులు ఎంత తొందరగా గడుస్తాయో అందరికన్నా ఎక్కువ తెలుసు. కృషీవలునిలో సాయంకాలం పని ముగింపుగా వస్తుంది, పానశాలలో అదే సాయంకాలం సత్రం నుండి వెళ్ళిపోయే ద్వారంగా వస్తుంది.

చివరి రోజులు

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన నెల తిరగకముందే, 1947 సెప్టెంబర్ 11న, రామిరెడ్డి మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 51 సంవత్సరాలు. ఆయన మరణం తరువాత కృషీవలుని పద్యాలు తెలుగు పాఠ్యపుస్తకాలలో చోటుచేసుకొని విద్యార్థులకు పరిచయమయ్యాయి. పానశాలకు బడి సహాయం అవసరం కాలేదు. అనేక ముద్రణలు పొంది, పద్యపఠనం మీద ఇష్టమున్నవారి నోళ్ళలో, ముఖ్యంగా సత్రం పద్యం, కవి పేరు తెలియనివారికి కూడా చేరింది.